మచ్చకు జలుబు మాత్ర

లాండ్రీలో ఆయన్ని అందరూ గంజి అంటారు. కాస్త మర్యాద కలిపి గంజాయన అని కూడా ఒకసారి పిలిచి చూశారు. దారిన పోతున్న పోలీసాయన ఆగి లోపలికి తొంగిచూసేసరికి, ఆ మర్యాదను అప్పటికప్పుడే ఉపసంహరించుకున్నారు. పేరు ఊరికే రాలేదు. నడిచినా, కూర్చున్నా, తుమ్మినా ఆయన ఒంటి మీద బట్ట నలగదు. "ఈయన పడుకుని లేచిన పక్క చూస్తే మనిషి పడుకున్నట్టుండదు, పార్సిలు పెట్టి తీసినట్టుంటుంది" అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ ఫిర్యాదుగా చెబుతుంది. ఆయన ప్రశంసాపత్రంగా పుచ్చుకుంటాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన స్థానం ఒకటే. లాండ్రీ ముందు భాగంలో, వీధి వైపు నిలువెత్తు అద్దం వెనక ఉండే ఇస్త్రీ బల్ల. దానికి అద్దం బల్ల అని పేరు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి వీపు. ఎడమచేత్తో బట్టను సాగదీసి పట్టుకుంటే కుడిచెయ్యి దాని మీద పడవలా సాగిపోతుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆ పని చూస్తూ బస్సు వదిలేసుకున్న సందర్భాలున్నాయి. షాపు పేరు రాసిన బోర్డులో రెండక్షరాలు రాలిపోయి ఏళ్ళయినా ఓనరమ్మ బాగుచేయించలేదు. గంజి ఉండగా బోర్డెందుకని ఆవిడ ధీమా.

షాపుకి వెనక భాగం కూడా ఒకటుంది. దాన్ని మాసిన గది అంటారు. కిటికీ లేదు. వచ్చిన బట్టలన్నిటినీ అక్కడ విప్పి, తిరగేసి, జేబులు తడిమి, మరకలు వెతికి చీటీ కట్టాలి. ఆ జేబుల్లో ఏముంటాయో చెబితే తిన్నది బయటికొస్తుంది. ఎండి అట్టకట్టిన చేతిరుమాళ్ళు, నమిలి కాగితంలో చుట్టిన బబుల్‌గమ్ములు, ఒకసారైతే పైవరస కట్టుడుపళ్ళు. గంజి ఆ గది గుమ్మం దాటి ఎరగడు. పెద్దమనిషి అని పేరున్నవాళ్ళ కాలరు వెనక ఉతికినా వదలని మెడ జిడ్డు ఎంత మందాన పేరుకుంటుందో ఆయనకు తెలుసు గనక, ఆయన ఎవరినీ మొహం చూసి గౌరవించడు. లోకంలో మనుషులు రెండు రకాలు: మాసినవాళ్ళు, మాయబోయేవాళ్ళు. ఈ సిద్ధాంతంలో తన స్థానం ఎక్కడో ఆయన ఎన్నడూ ఆలోచించుకోలేదు.

అంతటి మనిషిని కాల్చింది ఇస్త్రీపెట్టె కాదు. పాలగిన్నె.

"పాలు పొంగుతాయేమో, కాస్త చూడండి" అని భార్య కేకేసింది. ఆయన చూశాడు. పాలు పొంగాయి. అదీ చూశాడు. తర్వాత కంగారుగా గిన్నె దించబోతే, దాని అంచు ఎడమ ముంజేతికి చురుక్కున అంటుకుంది. రెండంగుళాల నెలవంక. పొక్కు లేచింది, చితికింది, ఎండింది, పదిహేను రోజుల్లో మానింది. అక్కడితో కథ అయిపోవాలి.

రెండు నెలలు తిరక్కుండానే, రిటైరైన ఉద్యోగి పొద్దుపోక మళ్ళీ ఆఫీసుకొచ్చి కూర్చున్నట్టు, ఆ గాయం తిరిగొచ్చింది. ముందు ఎర్రబడింది. తర్వాత గట్టిపడింది. ఆ తర్వాత లేవడం మొదలుపెట్టింది. వెంట్రుక మొలవదు, ముడత పడదు, నున్నగా నిగనిగలాడుతూ, రక్తం తాగి మత్తుగా పడుకున్న జలగలా ఉంది. పైగా దురద. మామూలు దురద కాదు, చర్మం కింద ఎవరో కూర్చుని ఈకతో రాస్తున్నట్టు. గంజికి దాన్ని చూస్తే నొప్పికన్నా ముందు రోత పుట్టేది. భోజనానికి కూర్చుంటే ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకునేవాడు. "దాన్ని చూస్తూ తినలేను" అనేవాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

ఆ రోతకి తోడు ఒక పరువు సమస్య. షాపులో గుండీలు కుట్టే ఆవిణ్ణి అందరూ గుండీలక్క అంటారు. ఆవిడ చేతిలో సూది ఎంత వాడిగా ఉంటుందో నోరూ అంతే.

"ఇస్త్రీపెట్టె తగిలిందా అన్నా?"

"పాలగిన్నె."

"దాంట్లో సిగ్గేముంది? ఈతొచ్చినవాడే మునిగేది."

"పాలగిన్నె అన్నానా!"

"సరే సరే, పాలగిన్నే. మీ ఇంట్లో పాలగిన్నెకి ప్లగ్గుంటుంది కాబోలు."

అడిగిన ప్రతివాడికీ ఆయన పాలగిన్నె అనే చెప్పాడు. విన్న ప్రతివాడూ ఇస్త్రీపెట్టె అనే అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకుని ఊరుకోకుండా తలా ఒక వైద్యం చెప్పాడు. ఉల్లిరసం అన్నారు. తేనె అన్నారు. నత్త జిగురుతో చేసిన క్రీమేదో ఉందన్నారు. సూట్లు తెచ్చే ఒక పెద్దాయనైతే కౌంటరు మీదకి వంగి, రాజరహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "పొద్దున్నే మొహం కడక్కుండా పాచి ఉమ్మి రాయండి. నలభై రోజులు" అన్నాడు. గంజి మూడు రోజులు రాశాడు. నాలుగో రోజు పొద్దున ఆ వాసన ముక్కుకి తగిలి, పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాడు. మిగిలిన ముప్ఫైయేడు రోజులూ ఆ పెద్దాయనకే వదిలేశాడు.

అప్పుడు తన శాస్త్రాన్నే నమ్ముకున్నాడు. ఉబ్బినదేదైనా అణుగుతుంది. తడి, వేడి, బరువు, ఈ మూడూ సరైన పాళ్ళలో పడాలి, అంతే. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతికి లొంగని ముడత లేదు. ఎవరి చర్మమో కాదు, తన చర్మమేగా. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఎడమ ముంజేతిని బల్ల మీద చాపి, పల్చటి తడిగుడ్డ పరిచి, పట్టుబట్టకి పెట్టే వేడి పెట్టి, ఇస్త్రీపెట్టెను మెల్లిగా దించాడు.

ఆహా! ఆ క్షణాన దురద మాయమైంది. నాలుగు నెలల్లో అంత సుఖం ఆయన ఎరగడు. ఆ సుఖంలో కళ్ళు మూసుకుని ఇంకో రెండు క్షణాలు ఎక్కువ ఉంచాడు.

మచ్చ అణగలేదు. సవరించి, విస్తరించిన రెండో ముద్రణగా వెలువడింది. నెలన్నర గడిచేసరికి, నెలవంక ఉండేచోట అరచెయ్యంత పొడవున, ఒక కొస మొనదేలి, సాక్షాత్తూ ఇస్త్రీపెట్టె ఆకారం లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ జనం అబద్ధం నమ్మారు. ఇప్పుడు ఆ అబద్ధాన్ని ఆయనే స్వహస్తాలతో నిజం చేసిపెట్టాడు.

రెండో ముద్రణకి దురద రెండింతలు. అద్దం బల్ల దగ్గర ఆవిరి తగిలితే చాలు, కుడిచెయ్యి ఇస్త్రీపెట్టె వదిలేసి ఎడమచేతి మీదకి పరిగెత్తేది. బరబరా గోకేవాడు. అద్దం బయట నిలబడ్డవాళ్ళు మొహం చిట్లించుకుని బస్సు రాకముందే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక తెల్లచొక్కా చేతి పట్టీ మీద ఆవగింజంత ఎర్రచుక్క కనిపించింది.

ఓనరమ్మ ఆ చొక్కాను రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకను తెచ్చినట్టు తెచ్చింది.

"మేస్త్రీ, ఇదేంటి?"

"రక్తం అమ్మా."

"ఎవరిది?"

ఆయన ఎడమచేతిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"మాసిన బట్టలు తెచ్చిస్తే ఉతికిచ్చే షాపు మనది. ఉతికినవి మాపి ఇచ్చేది కాదు. ఏంటా గోకుడు? కస్టమర్లు చూస్తున్నారు. నెలాఖరు దాకా చూస్తాను. ఆగకపోతే నువ్వు మాసిన గదికి వెళ్ళు."

గంజి ఆ గది గుమ్మం వైపు చూశాడు. అక్కడ కట్టుడుపళ్ళు దొరికాయి. మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది.

"ఎలా కాలిందండీ?"

"పాలగిన్నె."

"ఊఁ. ఇక్కడ గుండ్రంగా ఉంది, గిన్నె అంచే, నిజమే." భూతద్దం ముందుకి జరిగి ఆగింది. "ఈ మొన ఏ గిన్నెదండీ?"

జీవితంలో మొదటిసారి ఒకరు ఆయన పాలగిన్నెను నమ్మారు. సరిగ్గా నమ్మకూడని భాగం దగ్గర ఆపి మరీ నమ్మారు. గంజి పాదాల వైపు చూసుకుంటూ జరిగింది చెప్పాడు. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"మీరు దీన్ని... ఇస్త్రీ చేశారా?"

"తడిగుడ్డ వేసే చేశానండీ" అన్నాడు, పనితనం మీద మాట పడకుండా.

"ఎంత వేడి?"

"పట్టుకి పెట్టేంతేనండీ. నూలుకి పెట్టేంత కాదు."

ఆవిడ కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఓపిగ్గా చెప్పింది. "దీన్ని కీలాయిడ్ అంటారు. కొందరి చర్మానికి ఎక్కడ ఆగాలో తెలీదు. గుంట పూడ్చమంటే పూడ్చి, దాని మీద మేడ కడుతుంది. మీరు మళ్ళీ కాల్చారు, అది ఇంకో అంతస్తు లేపింది. నెలకోసారి మచ్చలోకే ఇంజెక్షన్ ఇస్తాను, అణగడానికి. పైన జిగురుపట్టీ వేసుకోండి. దురదకి ఈ మాత్ర, రాత్రి పడుకునేముందు ఒక్కటే. నిద్రొస్తుంది."

"మాత్రతో మచ్చ పోతుందా అండీ?"

"మాత్ర ఒక్కదానితో పోదు. అణగడానికి కూడా కొంత సాయపడుతుందేమో అంటారు, నేను హామీ ఇవ్వను. దురద పుట్టించే పదార్థం ఒకటి చర్మంలోనే ఊరుతుంది. దాని పనికి ఇది అడ్డం పడుతుంది. దురద తగ్గితే గోకరు. మీరు గోకడం మానితే, నా ఇంజెక్షన్ పని అది చేసుకుంటుంది. ఇస్త్రీపెట్టె దాని పని అది చేసుకుంటుంది. రెండూ కలవకూడదు."

ఇంటికొచ్చి మాత్రల అట్ట బల్ల మీద పెట్టగానే భార్య దాన్ని తీసి వెనక్కీ ముందుకీ తిప్పింది.

"ఇది జలుబు మాత్ర కదండీ! నాకు తుమ్ములొస్తే వేసుకునేదే ఇది. మచ్చకి జలుబు చేసిందా?"

"డాక్టరమ్మ ఇచ్చింది."

"ఇచ్చిందిలెండి. మరి మచ్చ తుమ్మిందా, ముక్కు కారిందా? దానికి మఫ్లరు కూడా కట్టకపోయారా?"

ఈ సంగతి ఎలా చేరిందో గాని, మర్నాటికి షాపుకి చేరింది. ఆయన దగ్గితే చాలు గుండీలక్క "నువ్వా అన్నా, మచ్చా?" అని అడిగేది.

ఏమైనా రాత్రి మాత్ర పనిచేసింది. ఇన్నాళ్ళకి నిద్రపట్టింది. అయితే పొద్దున పదకొండు గంటలకల్లా ఆవిరి తగిలి చెయ్యి మళ్ళీ జివ్వుమనేది. గంజి తర్కించాడు. గోక్కునేది పగలు, ఓనరమ్మ చూసేది పగలు, ఉద్యోగం పోయేది పగలు. మందు మాత్రం రాత్రెందుకు? డాక్టరమ్మ పొరపాటున అటూ ఇటూ రాసి ఉంటుంది. ఆమె పరువు కాపాడడానికి ఆ సంగతి ఆమెను అడక్కుండానే పొద్దున కూడా ఒకటి వేసుకున్నాడు.

పదిన్నరకి దురద లేదు. పదకొండుకి బాధ లేదు. పదకొండుంపావుకి ఆయనే లేడు.

చూసినవాళ్ళు చెప్పిందేమిటంటే, గంజి ముందు ఇస్త్రీపెట్టెను ఎత్తి పద్ధతిగా నిలువుగా నిలబెట్టాడట. ఇరవై రెండేళ్ళ అలవాటు, నిద్రలో కూడా చెయ్యి తప్పలేదు. ఆ తర్వాత తల మెల్లిగా వంగి, వంగి, అప్పుడే చేసిన వెచ్చటి తెల్లచొక్కా గుండీల పట్టీ మీద చెంప ఆనించి, నిలబడే గుర్రు పెట్టాడు. అద్దం బయట జనం పోగయ్యారు. ఒకాయన వేలి కణుపుతో అద్దం మీద కొట్టాడు కూడా.

ఓనరమ్మ భుజం కుదిపితే లేచాడు. చెంప మీద గుండీ అచ్చు పడి ఉంది. చొక్కా మీద పెదవి దగ్గర్నుంచి మొదలై జేబు దాకా ఒక తడి మరక సాగి ఉంది. అది నీళ్ళది కాదని ఆయనకే ముందు తెలిసింది. నోటి చొల్లు. మెడ జిడ్డు పొరలు చూసి మనుషుల్ని తీసిపారేసినవాడు, ఒకరి తెల్లచొక్కాను నడివీధి ఎదుట చొల్లుతో తడిపాడు. చొక్కాను చూడలేక మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుంటే అద్దంలో తన మొహమే కనబడింది.

"నెలాఖరు వచ్చేసింది మేస్త్రీ" అంది ఓనరమ్మ.

"ఇంకా పదకొండు రోజులున్నాయి అమ్మా."

"నాకు ఇవాళే వచ్చింది."

ఆ మధ్యాహ్నమే ఆయన మాసిన గది గుమ్మం దాటాడు. ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు కట్టుకుని, యుద్ధంలో ఓడిపోయిన సేనాధిపతి శత్రువు గుడారంలోకి నడిచినట్టు నడిచాడు. మొదటి గంటలో ఒక మేజోడు తిరగేశాడు. లోపల్నుంచి ఒక గోటిముక్క రాలింది. తర్వాతి గంటంతా ఏమీ ముట్టుకోలేదు.

సాయంత్రం డాక్టరమ్మ దగ్గర తిట్లు తిన్నాడు. "రెండు వేసుకోమని ఎవరన్నారు? అదీ వేడి పెట్టె చేతిలో పెట్టుకుని! చెయ్యి కాదు, మొహం ఇస్త్రీ అయ్యేది." పగటికి మత్తు తక్కువుండే వేరే మాత్ర రాసిచ్చింది. కొత్తది మొదలుపెట్టాక ఒక వారం సెగ దగ్గరికే పోవద్దంది.

"ఇదీ జలుబు మాత్రేనా అండీ?" అని గంజి దిగులుగా అడిగాడు.

"తుమ్ములకీ, దద్దుర్లకీ, దురదకీ ఈ జాతి మాత్రలే. మీరు దాన్ని ఏమని పిలుస్తారో మాత్రకి తెలీదు లెండి."

నెలలు గడిచాయి. ఇంజెక్షన్లు మాటలు కావు. మొదటిసారి మచ్చ ఎంత బిగువుగా ఉందంటే మందు లోపలికి పోనంది. గంజి పళ్ళు బిగబట్టి కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడోసారికి అది కాస్త మెత్తబడింది. దురద మాత్రం అంతకుముందే వెనక్కి తగ్గింది. ఎప్పుడైనా పలకరించేది గాని కూర్చునేది కాదు.

ఈలోగా మాసిన గదిలో ఆయన కొత్త సంగతులు కనుక్కున్నాడు. అద్దం బల్ల మీదకి బట్టలు ఉతికాక వచ్చేవి. ఇక్కడికి ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. తిరగేసి చూస్తే కాలరు లోపల సన్నటి ఎర్రచుక్కలు. చంకల దగ్గర పసుప్పచ్చటి లేపనం మరకలు. లాగు పట్టీ వెంట గోళ్ళతో గీరిన పోగులు. పాచి ఉమ్మి వైద్యం చెప్పిన పెద్దాయన సూటు లోపల, వీపు మీద, గోకుడుకర్ర పెట్టి పెట్టి అరిగిపోయిన జాడ. పైకి ఇస్త్రీ మడత నలక్కుండా తిరిగే వీధి వీధంతా లోపల్లోపల ఇలా బరబరా గోక్కుంటోంది. గంజికి జాలి కలగలేదు. రోతే కలిగింది. కాకపోతే ఈసారి ఆ రోతలో తనకీ ఒక వాటా ఉండడంతో, పూర్వమంత హాయిగా అసహ్యించుకోలేకపోయాడు.

ఆయన్ని కదిలించింది మచ్చ కాదు, గుండీలక్క తెచ్చిన కబురు.

"అన్నా, నీ బల్ల మీద ఓనరమ్మ తమ్ముణ్ణి పెట్టింది, తెలుసుగా? యాభై ఏళ్ళొచ్చాయి, ఇప్పుడు పని నేర్చుకుంటున్నాడు. చొక్కా చేతులకి రెండేసి గీతలు వేస్తున్నాడు."

"రెండా?"

"రెండు. రైలుపట్టాల్లాగా. ఎవడో వాటి మీద రైలెక్కుదామని కూడా వచ్చాడట."

కట్టుడుపళ్ళు దొరికిన గదిని భరించినవాడు దీన్ని భరించలేకపోయాడు. తొడుగులు తీసి, చేతులు మూడుసార్లు కడుక్కుని, ఓనరమ్మ ముందు నిలబడ్డాడు.

"ఒక్క గంట ఇవ్వండమ్మా. అద్దం బల్ల మీద."

ఆవిడ ఆయన చెయ్యి వైపు చూసింది. మచ్చ ఉంది. ఎర్రదనం పోయి గోధుమరంగు తిరిగింది, మేడ మీద ఒక అంతస్తు దిగింది. అయినా చూడ్డానికి ముద్దొచ్చే వస్తువేం కాదు.

"సరే, గంట. నేను ఎదురుగా కూర్చుంటా. ఒక్కసారి చెయ్యి అటు పోయిందా, చచ్చేదాకా ఆ గది నీదే. మళ్ళీ అడక్కూడదు."

"అడగను."

కుర్చీ వేశారు. తమ్ముడు తలుపు పక్కన చేరాడు. గుండీలక్క సూదీ దారంతో సహా వచ్చి నిలబడింది. గంజి చొక్కా పరిచాడు. కాలరు. భుజాలు. ఆవిరి లేచింది. ఎడమ ముంజేతి మీద చెమట చేరింది. ఒకసారి, నాలుగో చొక్కా దగ్గర, మచ్చ మొన దగ్గర ఏదో కదిలింది. ఆయన కుడిచెయ్యి ఇస్త్రీపెట్టె మీద ఆగింది. ఓనరమ్మ ముందుకి వంగింది. గంజి ఎడమచేత్తో బట్టను ఇంకాస్త సాగదీశాడు. కదిలింది కాస్తా విసుగుపుట్టి వెళ్ళిపోయింది. చొక్కా చేతికి ఒకే ఒక్క గీత, వెంట్రుక పెట్టి గీసినట్టు పడింది.

పదో చొక్కా దగ్గర ఆయన తలెత్తి చూశాడు.

ఓనరమ్మ మెడ గోక్కుంటోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆవిడకే తెలీదు. మచ్చ మీదినుంచి చూపు తిప్పకుండా, నాలుగు వేళ్ళతో, బరబరా. తమ్ముడు ద్వారబంధానికి వీపు ఆనించి ఎలుగుబంటిలా పైకీ కిందకీ రుద్దుకుంటున్నాడు. గుండీలక్క సూది మొద్దువైపు కొప్పులో దోపి ఆడిస్తోంది. అద్దం బయట బస్సు కోసం నిలబడ్డ ఇద్దరూ చెవులు గోక్కుంటున్నారు. ఆ గంటలో ఆ చుట్టుపక్కల గోక్కోని ప్రాణి గంజి ఒక్కడే.

గంజికి మళ్ళీ పూర్వపు రోత, స్వచ్ఛంగా, ఏ వాటాలూ లేకుండా పుట్టుకొచ్చింది. ఇస్త్రీపెట్టెను నిలువుగా నిలబెట్టాడు.

"ఏంటమ్మా ఆ గోకుడు? కస్టమర్లు చూస్తున్నారు."

ఓనరమ్మ చెయ్యి మెడ మీదే ఆగిపోయింది. చుట్టూ చూసింది. గుండీలక్క నవ్వు ఆపుకోవడానికి దారం కొరికింది.

"బల్ల నీదే" అంది ఓనరమ్మ చెయ్యి దించి ఒడిలో దాచుకుంటూ. "నోరు మూసుకుని పదకొండోది కానీ."

పదకొండోది తమ్ముడు చేసిన చొక్కా. రెండు గీతల్ది. గంజి దాన్ని బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, "ఛీ" అని మొహం చిట్లించుకుని, పనిలో పడ్డాడు.